ఎలుకల కొలతలు – జాతుల పోటీ

ప్రకృతిలో పోటీ అనగానే మనకు పులియు లేడియు జ్ఞప్తికి వచ్చును. కాని వాటి నడుమ నున్నది పోటీ కాదు, వేట. పోటీ యనునది ఒకే వస్తువును కోరు ఇద్దరి మధ్య పుట్టునది. ఒకే బావి నీటికై రెండు వీథులవారు పడు పెనుగులాట వంటిది. ఇందు రక్తపాతము కనబడనక్కరలేదు. ఒకరు తినిన గింజ మరియొకరికి లేకపోవుటయే ఇచటి ఆయుధము. చప్పుడు లేని ఈ పోటీ జీవుల దేహములపై, అనగా వాటి బరువుపై, పళ్ళపై, కాళ్ళ పొడవుపై తన ముద్ర వేయునా? వేసినచో దానిని మనము ఎట్లు గుర్తింపగలము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన శాస్త్రజ్ఞులకు ఎంతగానో తోడ్పడిన జంతువు ఎలుక.

ఎలుకనే ఎన్నుకొనుటకు తగిన కారణములు కలవు. పాలిచ్చి పెంచు జంతువుల జాతులలో పదింట నాలుగు వంతులు ఎలుక, ఉడుత మొదలైన కొరుకుపళ్ళ జంతువులే. ఇవి పరిమాణములో చిన్నవి. త్వరగా పెరిగి త్వరగా పిల్లలను కనును. బోనులో పట్టి తూచి విడిచిపెట్టుటకు అనుకూలమైనవి. అన్నిటికంటె ముఖ్యమైన విషయ మేమనగా, ఒకే నేలపై పలు జాతుల ఎలుకలు కలిసి జీవించును. అవి చాల మట్టుకు అవే గింజలను తినుచుండును.

మన పొలములనే చూడుడు. గట్ల బొరియలలో పది గ్రాములకు అటు నిటు తూగు చిట్టెలుక ఉండును. దానికంటె అనేక రెట్లు బరువైన మెత్తని బొచ్చు పొలపు ఎలుక మరియొకటి. తోక చివర కుచ్చు గలిగి, వెనుక కాళ్ళపై గంతులు వేయునది వేరొకటి. వీటినన్నిటిని మించినది పందికొక్కు. ఈ చివరిదాని పేరు మన భాష నుండియే ఆంగ్లములోనికి పోయి 'బాండికూట్' అయినది. చిట్టెలుక మొదలు పందికొక్కు వరకు వీటిని వరుసగా నిలిపినచో మెట్లు కట్టినట్లుండును. ఈ మెట్లను కట్టినది పోటీయే అని అనుకొనుట సులభము. అయితే చూపునకు మెట్లవలె కనబడినంత మాత్రమున అవి ఒకరు కట్టిన మెట్లని రుజువగునా? శాస్త్రజ్ఞులను చాల కాలము వేధించిన చిక్కు ఇదియే.

దగ్గరి పోలిక గల జాతుల మధ్యనే జీవన సంగ్రామము తీవ్రముగా నుండునని చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన తన గ్రంథములో వ్రాసిరి. ఇరువురి అవసరములు ఒకటే యైనపుడు ఘర్షణ తప్పదు గదా! దీనిని రష్యా శాస్త్రజ్ఞుడు గౌస్ ప్రయోగశాలలో పరీక్షించిరి. కంటికి కనబడని రెండు జాతుల నీటి జీవులను ఒకే పాత్రలో, ఒకే ఆహారముపై పెంచగా, కొన్ని దినములలో ఒక జాతి వృద్ధి చెంది రెండవది నశించెను. ఈ ప్రయోగములను వివరించు ఆయన గ్రంథము 1934లో వెలువడినది. రెండు జాతులు కలిసి బ్రతుకవలెనన్నచో వాటి జీవన విధానములలో ఎక్కడనో ఒకచోట భేదముండవలెనని దీని సారాంశము.

ఐరోపా చరిత్రయు ఇట్టి సాక్ష్యమునే ఇచ్చుచున్నది. అచటి ఇండ్లలో అనాదిగా నల్ల ఎలుక కాపురముండెను. 18వ శతాబ్దిలో గోధుమ వన్నె ఎలుక తూర్పు దిక్కునుండి వ్యాపించి దానిని చాల ప్రదేశములనుండి తరిమివేసినది. క్రొత్తగా వచ్చినది బరువైనది, బొరియలు త్రవ్వుటలో నేర్పు గలది. పాతది తేలికైనది, పొడవైన తోకతో తూనిక నిలుపుకొని దూలములపైకి ప్రాకగలది. రెండును ఒకే కట్టడములో మిగిలినచో, నేలయు మురుగు కాలువయు గోధుమ ఎలుకవి, అటుకయు కప్పును నల్ల ఎలుకవి అగుచుండెను. దేహమునందలి భేదమే కాపురమునందలి పంపకమునకు ఆధారమైనది.

ఈ భావమునకు లెక్క రూపము నిచ్చినవారు ఏల్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఈవిలిన్ హచిన్సన్. సిసిలీ ద్వీపములో, పాలెర్మో నగరము చెంత, సెయింట్ రోజాలియా అను పుణ్యవతి గుహాలయము దిగువ నున్న నీటిగుంటలో ఆయన రెండు జాతుల నీటి పురుగులను చూచిరి. ఒకటి పెద్దది, రెండవది చిన్నది. లోకములో ఇన్ని రకముల జంతువు లుండుటకు, ఇంతకంటె ఎక్కువ లేకుండుటకు కారణ మేమి అని ఆయన ఆలోచించిరి. 1959లో అచ్చయిన ఉపన్యాసములో ఆయన కలిసి జీవించు జంతువుల కొలతలను పట్టికగా నిచ్చిరి. అందు బ్రిటన్ దేశపు రెండు జాతుల అడవి ఎలుకలును కలవు. పెద్దదాని పుఱ్ఱె లేక ముక్కు పొడవు చిన్నదాని పొడవునకు సుమారు 1.3 రెట్లుండుట ఆయన గమనించిరి. పొడవు 1.3 రెట్లయినచో, వెడల్పును ఎత్తును అట్లే పెరుగును గనుక, బరువు రెండు రెట్లకు కొంచెము మించును. కలిసి బ్రతుకుటకు ఈపాటి భేదమైనను అవసర మేమో అని ఆయన సూచించిరి. సూచన వినయముగానే చేసిరి. కాని తరువాతి వారు దానిని సూత్రముగా పట్టుకొని, కనబడిన ప్రతి జంతు సమూహములోను ఆ నిష్పత్తికై వెదుక మొదలిడిరి.

అట్టి వెదుకులాటకు అమెరికా ఎడారులు మంచి క్షేత్రములైనవి. అరిజోనా రాష్ట్రపు ఆగ్నేయ మూలలో, చిరికావా కొండల చెంత పోర్టల్ అను చిన్న ఊరు కలదు. దాని సమీపపు ఎడారిలో కంగారు ఎలుకలు నివసించుచున్నవి. పేరు కంగారు అయినను ఆస్ట్రేలియా జంతువుతో వీటికి బంధుత్వము లేదు. పొడవైన వెనుక కాళ్ళపై దుముకును గనుక ఆ పేరు వచ్చినది. బుగ్గల వెలుపలి వైపున బొచ్చుతో కూడిన సంచులుండును. రాత్రివేళ గింజలను ఈ సంచులలో నింపుకొని పోయి దాచుకొనును. త్రాగుటకు నీరు లేకున్నను, తినిన గింజలనుండి దేహములో పుట్టు నీటితోనే ఇవి జీవింపగలవు. ఇదే కుటుంబమునకు చెందిన సంచిబుగ్గల చుంచెలుకలును అచట నున్నవి. ఇవి నాలుగు కాళ్ళపై నడచును, పొదల నీడలలో ఎక్కువగా తిరుగును.

వీటి బరువులను చూడుడు. పట్టువంటి బొచ్చు గల చుంచు 7 లేక 8 గ్రాములు. ఎడారి చుంచు సుమారు 17 గ్రాములు. మెర్రియం కంగారు ఎలుక సుమారు 45 గ్రాములు. జెండా వంటి తోక గల పెద్ద కంగారు ఎలుక సుమారు 120 గ్రాములు. ఒక్కొక్క మెట్టు దాని క్రింది మెట్టునకు రెండు మూడు రెట్లున్నది. అన్నియు గింజలనే కోరునవి. పెద్దది పెద్ద గింజలను, చిన్నది చిన్న గింజలను ఏరుకొనుటచేత ఈ పంపకము జరుగుచున్నదని మొదట కొందరు తలచిరి. కాని సంచులను పరిశీలింపగా ఆ భేదము అనుకొన్నంత స్పష్టముగా కనబడలేదు. బయలులో దూరదూరముగా నున్న గింజల కుప్పలను వెదకి దుముకుచు పోవుట పెద్దవాటికి లాభకరము. పొదల క్రింద చెదరిన గింజలను ఓపికతో ఏరుకొనుట చిన్నవాటికి చాలును. పైగా పెద్దది ఎదురైనచో చిన్నది తప్పుకొనును. దేహ పరిమాణమును బట్టి తిరుగు చోటును, కూడబెట్టు పద్ధతియు మారుచున్నవన్న మాట.

ఇంతలో గట్టి ఆక్షేపణ వచ్చినది. ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయములో నున్న డేనియల్ సింబర్లాఫ్, ఆయన సహచరులును ఇట్లు వాదించిరి: ఒక ప్రాంతమునందలి ఎలుక జాతుల పేర్లన్నియు చీట్లపై వ్రాసి కుండలో వేసి, కన్నులు మూసికొని నాలుగు చీట్లు తీయుడు. ఆ నాలుగింటిని బరువును బట్టి పేర్చినను ఏదో ఒక మెట్ల వరుస రాక మానదు. చీట్లలో పోటీ యెక్కడిది? కావున నిజముగా కలిసియున్న జాతుల కొలతలు, చీట్లలో వచ్చు కొలతలకంటె ఎక్కువ క్రమముగా నున్నవని చూపినపుడే పోటీ మాట ఎత్తవలెను. 1981లో సింబర్లాఫ్, బోక్లెన్ అను వారు హచిన్సన్ నిష్పత్తిని చెప్పిన వ్యాసముల లెక్కలను తిరిగి పరీక్షించి, వాటిలో పెక్కు నిలువవని ప్రకటించిరి. పెద్ద వివాదము చెలరేగినది. కొందరికి ఈ ఆక్షేపణ కఠినముగా తోచినను, దానివలన శాస్త్రమునకు మేలే కలిగినది. కన్నులు కోరిన క్రమమును ప్రకృతికి అంటగట్టరాదను హెచ్చరిక అందు కలదు.

ఎలుకల పక్షమున రెండు రకముల సమాధానములు వచ్చినవి. మొదటిది చీట్ల పరీక్షనే అంగీకరించి ఇచ్చిన సమాధానము. 1982లో బోయర్స్, బ్రౌన్ అను వారు అమెరికా ఎడారులలో పలుచోట్ల పట్టిన ఎలుకల జాబితాలను తీసికొని, ఏ రెండు జాతులు ఒకేచోట దొరకుచున్నవో, అవి యాదృచ్ఛికముగా కలియవలసిన దానికంటె తక్కువగా కలియుచున్నవో లేదో లెక్కించిరి. బరువుల నిష్పత్తి ఒకటిన్నరకు లోబడిన జంటలు, అనగా ఇంచుమించు సమాన దేహములు గలవి, అనుకొన్నదానికంటె తక్కువ చోట్ల కలిసియుండెను. గింజలు తినువాటిలోనే ఈ క్రమము కనబడినది. అన్ని రకముల తిండి తిను ఎలుకలను కలిపి చూచినపుడు కనబడలేదు. ఒకే ఆహారముపై ఆధారపడిన వాటిలోనే క్రమ మగపడుట పోటీ వాదమునకు బలము.

రెండవ సమాధానము లెక్క కాదు, ప్రయోగము. జేమ్స్ బ్రౌన్ 1977లో పోర్టల్ సమీపమున 24 మళ్ళను ఏర్పరచిరి. ఒక్కొక్క మడి 50 మీటర్ల చదరము. మన కొలతలో అరవై సెంట్లకు కొంచెము పైన. ప్రతి మడి చుట్టును ఇనుప జల్లెడతో కంచె కట్టి, దాని అంచును భూమిలోనికి దింపిరి. కంచెకు చిన్న చిన్న ద్వారముల నుంచిరి. కొన్ని మళ్ళలో ఆ ద్వారములు అన్ని ఎలుకలును దూరునంత పెద్దవి. మరికొన్నిటిలో చుంచెలుకలు దూరగలిగి, కంగారు ఎలుకలు దూరలేనంత చిన్నవి. దేహ పరిమాణమునే తాళముగా చేసిరన్న మాట! నెలకొకమారు, అమావాస్య ప్రాంతములందు, ప్రతి మడిలోను 49 బోనులు పెట్టి, చిక్కిన ఎలుకలను తూచి, గుర్తువేసి విడిచిపెట్టుచు వచ్చిరి. వెన్నెల రాత్రులలో గుడ్లగూబల భయముచే ఎలుకలు బయటికి తక్కువగా వచ్చుట కూడ ఆ తిథిని ఎన్నుకొనుటకు అనుకూలించినది. ఈ పరిశీలన నలువది సంవత్సరములకు మించి సాగినది. జీవశాస్త్రములో ఇంత దీర్ఘకాలము నడచిన క్షేత్ర ప్రయోగములు బహు కొద్ది.

ఫలితములు వెంటనే రాలేదు. తొలి మాసములలో మార్పేమియు కనబడలేదు. పిమ్మట క్రమముగా, కంగారు ఎలుకలు లేని మళ్ళలో గింజలు తిను చిన్న ఎలుకలు పెరుగసాగినవి. 1981లో మంగర్, బ్రౌన్ ప్రకటించిన లెక్క ప్రకారము, అవి మామూలు మళ్ళలోకంటె సగటున 3.5 రెట్లుండెను. గింజలే ప్రధానాహారము కాని చిన్న ఎలుకలు మాత్రము చెప్పుకోదగినంత పెరుగలేదు. కంచె వలన గాని, వాన వలన గాని ఈ పెంపు కలిగినదనుటకు వీలులేదు. ఆ కంచెయు ఆ వానయు అన్నిటికిని సమానమే. గింజల కొరకై పెద్దవి చిన్నవాటిని అణచియుంచుచున్నవనియు, ఆ అణచివేత తొలగగానే చిన్నవి లేచినవనియు తేటపడినది.

అయినను చుంచెలుకలు ఎంత పెరిగినను కంగారు ఎలుకలు విడిచిన గింజలలో కొద్దిపాటి భాగమునే తినగలిగినవి. ఆ ప్రభావము నేలపై కూడ కనబడినది. కంగారు ఎలుకలను తొలగించిన పండ్రెండు సంవత్సరములకు ఆ మళ్ళలో పొడవైన గడ్డి బాగుగా అలముకొని, పొదల ఎడారి గడ్డినేలగా మారసాగినదని బ్రౌన్, హెస్కీ 1990లో తెలిపిరి. ఎలుక లేకపోవుట భూమి రూపమునే మార్చినది!

అంతకంటె విచిత్రమైన ఘట్టము 1995, 1996 ప్రాంతములలో జరిగినది. అంతవరకు ఆ చోట లేని బెయిలీ చుంచు అను జాతి దానంతట అదియే వచ్చి చేరినది. దాని బరువు 30 గ్రాముల ప్రాంతము. ఎడారి చుంచు 17 గ్రాములు, మెర్రియం కంగారు ఎలుక 45 గ్రాములు అని చెప్పుకొంటిమి గదా. ఈ క్రొత్త అతిథి సరిగా ఆ రెండింటి నడుమ నిలుచును. చుంచు కుటుంబములో పెద్దదైనను చిన్న ద్వారములలో దూరగలదు. అది ఎక్కువగా నిలిచినది కంగారు ఎలుకలు లేని మళ్ళలోనే. కంగారు ఎలుకలున్న చోట అరుదు. ఎర్నెస్ట్, బ్రౌన్ 2001లో చూపిన లెక్కల ప్రకారము, ఏండ్ల తరబడి మిగిలిపోయిన ఆహారములో చాల భాగమును ఈ ఒక్క జాతియే వినియోగించుకొనసాగినది. ఖాళీయైన మెట్టుపైకి దానికి దగ్గరి కొలత గలదే వచ్చి కూర్చుండెను. చీట్ల కుండలో ఇట్టి ఔచిత్యము దొరకుట కష్టము.

పోటీని తప్పించుకొను మార్గము బరువొక్కటియే కాదు. కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయలో మెర్రియం కంగారు ఎలుకతో కలిసి మరియొక కంగారు ఎలుక జీవించుచున్నది. దాని క్రింది కొరుకుపళ్ళు ఇతర కంగారు ఎలుకల పళ్ళవలె గుండ్రని మొనతో నుండక, వడ్రంగి ఉలివలె వెడల్పుగా, చదునుగా నుండును. అచట ఒక పొద ఆకుల పైపొర నిండ ఉప్పు పేరుకొనియుండును. మరియొక ఎలుక దానిని తిని ఓర్వలేదు. ఈ ఎలుక తన ఉలిపళ్ళతో ఉప్పుపొరను చెక్కివేసి, లోపలి పచ్చని భాగమును తినును. 1972లో కెనగీ అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని ప్రకటించిరి. మెర్రియం ఎలుక గింజలను, ఇది ఆకులను ఆశ్రయించినవి. ఇరువురికి బావి వేరైనపుడు తగవేల?

ఇచట ఒక సందేహము తీరవలసియున్నది. పోటీ దేహమును మార్చినదా, లేక వేరు వేరు దేహములు గలవాటినే కలిసియుండనిచ్చినదా? ఈ రెండును ఒకటి కావు. కొలువునకు ఎత్తు కొలిచి మనుష్యులను ఎన్నుకొనుట వేరు. కొలువులో నున్నవారు తరతరములుగా ఎత్తు మారుట వేరు. పోర్టల్ ప్రయోగము ముఖ్యముగా మొదటిదానిని రుజువు చేసినది. ఎవరు ఉండవలెనో, ఎవరు పోవలెనో పోటీ నిర్ణయించుచున్నది. రెండవదానిని, అనగా పోటీ వలన ఒక జాతి దేహమే మారుటను, కంటితో చూచుట దుర్లభము. ఉలిపళ్ళు ఏర్పడిన కాలము నాటి పోటీని చూచిన సాక్షి ఎవరును లేరు.

అట్టి సాక్ష్యము ఎలుకలలో గాక పక్షులలో దొరకినది. గాలపాగస్ ద్వీపములలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏండ్ల తరబడి పిచ్చుకవంటి చిన్న పక్షుల ముక్కులను కొలిచిరి. అచటి ఒక చిన్న ద్వీపములో మధ్యరకపు పక్షి యుండెను. 1982లో పెద్దముక్కు గల మరియొక జాతి వచ్చి కాపురము పెట్టినది. 2003 తరువాత అనావృష్టి రాగా, పల్లేరు జాతి మొక్క గట్టి కాయల కొరకు పోటీ తీవ్రమైనది. ఆ కాయలను పగులగొట్టుటలో పెద్ద పక్షియే మేటి. మధ్యరకపు పక్షులలో ముక్కు పెద్దగా నున్నవి ఎక్కువగా చనిపోయి, చిన్న గింజలతో తృప్తిపడు చిన్న ముక్కువి మిగిలినవి. జాతి సగటు ముక్కు చిన్నదైనది. పోటీ దేహమును మార్చుట ఇట్లు మనుష్యుల కన్నుల యెదుటనే జరిగినది. ఆక్షేపణ చేసిన సింబర్లాఫ్ కూడ తరువాత టమార్ దాయాన్ మొదలైన వారితో కలిసి ఇజ్రాయెల్ దేశపు చిన్న జాతి పిల్లుల కోరపళ్ళను కొలిచి, వాటిలో సమానమైన అంతరములున్నవని 1990లో ప్రకటించిరి. ఆయన కోరినది పోటీ లేదనుట కాదు, రుజువు చూపుడనుటయే.

అన్నిటిని పోటీకే ఆరోపించుటయు తగదు. కంగారు ఎలుక చెవి వెనుకటి ఎముక పెద్ద బుడగవలె ఉబ్బియుండుట గుడ్లగూబ రెక్కల సవ్వడిని, పాము కదలికను వినుటకు తోడ్పడునది. అందు పోటీకంటె శత్రుభయమే ముఖ్యము. పోర్టల్‌లోనే ఆర్డ్ అను పేరు గల కంగారు ఎలుక ఇంచుమించు మెర్రియం ఎలుక బరువునే కలిగి, గడ్డి గల తావులను కోరుచు, దానితోపాటు బ్రతుకుచున్నది. సూత్రమునకు ప్రకృతి సంపూర్ణముగా లొంగదు.

మన పొలముల మెట్ల వరుసను పోటీయే కట్టినదని చెప్పుటకు ఆ వరుస ఒక్కటియే చాలదని ఇప్పుడు స్పష్టమగుచున్నది. కాని అరిజోనా మళ్ళు మనకొక పాఠమును నేర్పుచున్నవి. ఎలుకల లోకములో ఒక జాతి తొలగినచో దాని చోటు చిరకాలము ఖాళీగా నుండునని నమ్మరాదు. మొదట చిన్నవి పెరుగవచ్చును. ఏండ్లు గడచిన పిమ్మట ఎన్నడును చూడనిది రావచ్చును. కావున పంటను కాపాడుకొన గోరువారు బోనులో చిక్కినది ఎలుక అని మాత్రమే ఎంచక, ఏ జాతి ఎలుక, ఎంత బరువు, దేనిని తినునది అని చూచుట మేలు. ఆ కొలతలలోనే దాని పొరుగువారి చరిత్రయు, దాని తరువాత రాబోవువారి జాడయు దాగియుండును.